అట్టముక్క తుపాకీ, అసలు తుపాకీ



పోయిన డిసెంబరులో మా సంఘంలో క్రిస్మస్ నాటకం రిహార్సల్ జరుగుతోంది. జ్ఞానులు, గొర్రెల కాపరులు, దేవదూతలు అంతా సిద్ధం. హేరోదు సైనికులు మాత్రం ఈటెలు పట్టుకోవడానికి ఒప్పుకోలేదు. "ఈటెలంటే ఎవరు భయపడతారన్నా?" అని తొమ్మిదో తరగతి కుర్రాళ్లు నలుగురు కూర్చుని, ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె కోసి, నల్లరంగు పూసి, రెండు సాయంత్రాల్లో నాలుగు తుపాకులు చేసేశారు. పనితనం బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఏది ఏమిటని అడిగితే గడగడా చెప్పారు. ఇది ఏకేఎం, ఇది ఎం416, ఇది ఏడబ్ల్యూఎం, ఆ పొడుగుది కార్98. దేనికి 7.62 తూటా పడుతుందో, దేనికి 5.56 పడుతుందో కూడా చెప్పారు. వాళ్లలో ఒక్కరూ నిజం తుపాకీని ముట్టుకున్నవాళ్లు కారు. బ్యాంకు గేటు దగ్గర గార్డు భుజాన వేలాడేది చూశారు, అంతే.

"దీన్ని నిజంగా పేలేట్టు కూడా చేస్తారన్నా" అన్నాడు వాళ్లలో చిన్నవాడు. ఫోన్ తీసి వీడియో చూపించాడు. అమెరికాలో ఒక వర్క్‌షాపు. ఆటలో మాత్రమే ఉండే ఒక తుపాకీని ఎవరో లోహంతో, మరలతో నిజంగా తయారు చేసి, పుచ్చకాయ మీద కాల్చి చూపించారు. కాయ పగిలింది. కాల్చినవాడు నవ్వాడు. మావాళ్లూ నవ్వారు. నిజం చెప్పాలంటే, పక్కన నిలబడ్డ మేమూ ఒక క్షణం నవ్వాం. ఆ నవ్వు గురించే ఈ సంపాదకీయం.

ముందుగా, మేము ఏం చెప్పబోవడం లేదో చెప్పేస్తాం. వీడియో గేమ్ ఆడే పిల్లవాడు హంతకుడవుతాడని మేము అనడం లేదు. మన సంఘాల్లో ఒకప్పుడు సినిమా మీద, తర్వాత టీవీ మీద, ఇప్పుడు ఫోన్ మీద ప్రసంగాలు వింటూనే ఉన్నాం. వాటి వల్ల పిల్లలు ఆడటం మానలేదు, మనకు చెప్పకుండా ఆడటం నేర్చుకున్నారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం 2020లో తన తీర్మానాన్ని సవరిస్తూ, ఆటల వల్ల చిరాకు, కోపం కొంత పెరగవచ్చు గానీ, నిజమైన హింసకు ఆటలే కారణమని చెప్పడానికి తగిన ఆధారం లేదని స్పష్టం చేసింది. జపాన్‌లో, దక్షిణ కొరియాలో ఈ ఆటలు ఆడేవాళ్లు ఎందరో. అక్కడ తుపాకీ చావులు మాత్రం అరుదు. తెర మీద బొమ్మ ఉంది, చేతికి ఇనుము అందదు.

ఆటల మీద నింద వేయడం ఎవరికి లాభమో కూడా చూడాలి. 2012 డిసెంబరు 14న కనెక్టికట్ రాష్ట్రం న్యూటౌన్‌లోని ఒక బడిలో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు సిబ్బంది తుపాకీకి బలయ్యారు. పిల్లలంతా ఆరేడేళ్ల వాళ్లు. వారం తిరిగేసరికి అక్కడి జాతీయ రైఫిల్ సంఘం నాయకుడు విలేకరుల ముందుకొచ్చి, తప్పు తుపాకీలది కాదు, వీడియో గేములది అన్నాడు. బెత్లెహేము తల్లుల ఏడుపు ఇంకా ఆగకముందే హేరోదు మనుషులు వచ్చి, తప్పు పిల్లల ఆటబొమ్మలదని చెప్పినట్టుంది అది.

అయితే ఆట వేరు, ఆటలోని ఆయుధాన్ని బయటికి తెచ్చి పేలేట్టు చేయడం వేరు. ఈ రెండో దాని మీద మన సంఘాల్లో ఎవరూ మాట్లాడగా మేము వినలేదు.

ఒక పాత బొమ్మ కథ చెబుతాం. 1984లో జపాన్‌లో నింటెండో కంపెనీ తన ఆటయంత్రానికి ఒక బొమ్మ తుపాకీ తెచ్చింది. అది అచ్చం కౌబాయ్ సినిమాల్లో రివాల్వర్‌లా ఉండేది. మరుసటి ఏడు దాన్ని అమెరికా తీసుకెళ్లినప్పుడు ఆ రూపం మార్చేశారు. అంతరిక్ష సినిమాల్లోలా, బూడిదరంగు ప్లాస్టిక్‌తో, 'జాపర్' అనే పేరుతో వచ్చింది. పిల్లలు దాన్ని టీవీ వైపు గురిపెట్టి బాతుల్ని కొట్టేవాళ్లు. 1988లో అమెరికా ప్రభుత్వం బొమ్మ తుపాకుల మీద చట్టం చేసింది. దూరం నుంచి చూసినా ఇది బొమ్మే అని తెలిసేలా నారింజ రంగు గుర్తు ఉండాలంది. ఆ తర్వాత జాపర్ కూడా నారింజ రంగులోకి మారింది. చూడండి, నిజం తుపాకీ పోలిక నుంచి బొమ్మను ఎంత దూరం జరిపారో. రూపం మార్చారు, రంగు మార్చారు, చట్టం చేశారు. ఒక్క పోలీసు పొరబడకూడదని, ఒక్క పిల్లవాడు చావకూడదని.

2021లో నార్త్ కరోలినాలో మాదకద్రవ్యాల కేసులో సోదాకు వెళ్లిన పోలీసులకు ఒక ఇంట్లో అదే జాపర్ కనిపించింది. అదే బూడిదరంగు, అవే ఎర్ర గుర్తులు. చేతిలోకి తీసుకుంటే అది గ్లాక్ పిస్తోలు. దానికి 50 తూటాలు పట్టే డబ్బా తగిలించి ఉంది. ఎవరో నిజం తుపాకీకి ఆటబొమ్మ వేషం వేశారు.

అదే ఏడాది జులైలో యూటా రాష్ట్రంలో ఒక కంపెనీ ఇంకో మెట్టు ఎక్కింది. గ్లాక్ పిస్తోలు పైభాగమంతా ఎర్ర, పసుపు, నీలం లెగో ఇటుకల్లా కనిపించే తొడుగులు అమ్మకానికి పెట్టింది. కాల్చడం సరదా అని చెప్పడమే తమ ఉద్దేశమన్నారు. లెగో కంపెనీ లాయర్ల నుంచి నోటీసు వచ్చాక ఆపేశారు. ఆ దేశంలో ఇంట్లో అజాగ్రత్తగా వదిలేసిన తుపాకీని పసివాళ్లు పట్టుకోవడం, తమనో తోబుట్టువులనో కాల్చుకోవడం ప్రతి ఏడూ వార్తల్లో వస్తూనే ఉంటుంది. సొరుగు తెరిచిన మూడేళ్ల పాప చేతికి లెగో బొమ్మ రూపంలో తూటా నింపిన పిస్తోలు దొరికితే, ఆ సరదాకు ఏ పేరు పెడతారు?

పోలిక తారుమారైతే ఏమవుతుందో ఇంకో ఊరికి ముందే తెలుసు. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్ నగరంలో ఒక పార్కులో 12 ఏళ్ల నల్లజాతి బాలుడు బొమ్మ పిస్తోలుతో ఆడుకుంటున్నాడు. దానికి ఉండాల్సిన నారింజ గుర్తు ఊడిపోయి ఉంది. పోలీసు కారు వచ్చి ఆగింది. రెండు సెకన్లలో కాల్చేశారు. ఆ ఆఫీసర్లపై నేరం మోపడానికి జ్యూరీ ఒప్పుకోలేదు. ఆటబొమ్మలా ఉండే నిజం పిస్తోళ్లు బజారులో తిరుగుతున్నాయని పోలీసుకు తెలిశాక, ఇక నారింజ రంగు కూడా ఏ పిల్లవాడికి రక్ష? రంగు మనుషులుగా పుట్టినవాళ్లకు అసలే రక్ష తక్కువ.

ఇది కొందరు తుంటరులు చేసే పని అనుకోవడానికి లేదు. తెర మీది ఆయుధానికీ దుకాణంలోని ఆయుధానికీ మధ్య వ్యాపారులు ఎప్పుడో దారి వేసుకున్నారు. 2012లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ ఒక యుద్ధపు ఆట విడుదల చేస్తూ, దాని వెబ్‌సైట్ నుంచే నిజం ఆయుధాలు, వాటి సామాన్లు తయారుచేసేవాళ్ల సైట్లకు దారి ఇచ్చింది. జనం మండిపడ్డాక తీసేసింది. రెమింగ్టన్ అనే తుపాకీ కంపెనీ తన రైఫిల్ 'కాల్ ఆఫ్ డ్యూటీ' ఆటలో కనిపించేలా ఎలా ఏర్పాటు చేసుకుందో ఆ కంపెనీ లోపలి పత్రాల ద్వారా తర్వాత బయటపడింది. ఊళ్లు పెరుగుతున్నాయి, వేటాడే అడవులు తగ్గుతున్నాయి, ఇక కుర్రకారుకు తుపాకీతో పరిచయం కలిగేది ఆటల్లోనే అన్నది వాళ్ల లెక్క. వ్యాపారానికి అది మంచి లెక్కే. మన తొమ్మిదో తరగతి పిల్లలు తూటా కొలతలు గడగడా చెప్పడం వెనక ఉన్నది ఇదే లెక్క.

2022 మే 24న టెక్సాస్ యువాల్డీ బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. సరిగ్గా రెండేళ్లకు ఆ కుటుంబాలు తుపాకీ కంపెనీ మీద, దానితోపాటు ఆట తయారుచేసిన కంపెనీ మీద, ఇన్‌స్టాగ్రామ్ యజమాని కంపెనీ మీద దావా వేశాయి. పద్దెనిమిదేళ్లు నిండగానే ఆ కుర్రవాడు కొన్న తుపాకీని అతనికి ఆటలోనూ ప్రకటనల్లోనూ ముందే పరిచయం చేశారన్నది వారి ఆరోపణ. ఆట కంపెనీ కాదంది. కోర్టు మాట ఎలా ఉన్నా, పరిచయం చేసిన చేతిదీ అమ్మిన చేతిదీ చెరొక బాధ్యత అని ఆ తల్లిదండ్రులు అడగడం మాకు న్యాయంగా తోచింది.

ఇంతవరకు కొనేవాళ్ల సంగతి. సొంతంగా చేసుకునేవాళ్ల సంగతి ఇంకొకటి. 2013 మేలో టెక్సాస్‌లో ఒక యువకుడు 3డి ప్రింటర్‌తో ప్లాస్టిక్ పిస్తోలు తయారుచేసి, దాని నమూనాలను అందరికీ ఉచితంగా పెట్టాడు. అక్కడి విదేశాంగ శాఖ తీయించేలోపు రెండు రోజుల్లో లక్ష సార్లకు పైగా దిగుమతి అయ్యాయి. ఆ పిస్తోలుకు అతను పెట్టిన పేరు 'లిబరేటర్'. తెలుగులో చెప్పుకుంటే విమోచకుడు. ఆ మాటను మనం ఎవరికి వాడతామో మీకు గుర్తు చేయక్కర్లేదు.

ఆరేళ్లకు, 2019 అక్టోబరు 9న, జర్మనీలోని హాలె పట్టణంలో ఒకడు ఇంట్లో తయారుచేసుకున్న తుపాకులతో యూదుల ప్రార్థనా మందిరం మీదికి వెళ్లాడు. వాళ్లకది ఏడాదిలో అతి పవిత్రమైన ఉపవాస దినం. లోపల యాభై మంది దాకా ఉన్నారు. చేతితో చేసిన తుపాకులూ పనికొస్తాయని లోకానికి నిరూపించాలన్నది అతను ముందే రాసుకున్న లక్ష్యాల్లో ఒకటి. చంపడానికి రకరకాల 'అచీవ్‌మెంట్లు' జాబితా కట్టాడు, ఆటలో మెడల్స్ గెలుచుకున్నట్టు. జనం ఆటలు చూసే సైట్‌లోనే దాన్ని ప్రత్యక్ష ప్రసారం చేశాడు. మందిరం తలుపు గట్టిది, తెరుచుకోలేదు. అతని తుపాకులు మాటిమాటికీ మొరాయించాయి. అయినా దారిన పోతున్న ఒక స్త్రీని, కబాబు దుకాణంలో భోజనానికి వచ్చిన ఒక యువకుణ్ణి చంపాడు. ఆటలు అతన్ని అలా చేశాయని మేము అనం. అతనిలో ఉన్నది యూదుల మీద, స్త్రీల మీద, వలస వచ్చినవాళ్ల మీద పెంచుకున్న ద్వేషం. కానీ ఆ ద్వేషం ఆట వేషం కట్టుకుని, ఆట భాష మాట్లాడుతూ వచ్చింది. ఎందుకంటే ఆట భాషలో చావుకు బరువుండదు.

మన ఫోన్లలోని ఆటలోనూ ఇది చూడవచ్చు. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ను మన ప్రభుత్వం నిషేధించింది. కారణం తుపాకులు కాదు, చైనా కంపెనీల చేతిలో పడుతున్న మన సమాచారం. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చినప్పుడు ఇండియా కోసం కొన్ని మార్పులు చేశారు. రక్తం ఆకుపచ్చగా మారింది. చంపడం అనే మాట పోయి 'ఫినిష్' వచ్చింది. తుపాకులు మాత్రం అవే. రక్తాన్ని అబద్ధం చేసి, ఇనుమును నిజంగా ఉంచారు. బళ్లారిలో, హోసూరులో, బరంపురంలో, షోలాపూర్‌లో మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో చదువుకుంటారు. ఈ ఆటలో మాత్రం అందరిదీ ఒకే మాట.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అని ఒక సంఘ పెద్ద అడిగారు. ఆయన అన్నదాంట్లో కొంత నిజముంది. మన దేశంలో తుపాకీ సులువుగా దొరకదు, అది మన అదృష్టం. ఆ అదృష్టం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1959 ఆయుధాల చట్టం ఉంది. దాని ఆరో సెక్షన్‌ను యువకులు ఒక్కసారి చదవాలని మా కోరిక. తుపాకీని పోలిన నకలు వస్తువును పేలే తుపాకీగా మార్చాలంటే లైసెన్సు ఉండాలని అందులో ఉంది. 3డి ప్రింటర్ పేరు కూడా లోకానికి తెలియని రోజుల్లోనే చట్టం రాసినవాళ్లకు బొమ్మకూ తుపాకీకీ మధ్య గీత ఎంత ముఖ్యమో తెలుసు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేస్తే ఏడేళ్లకు తక్కువ కాకుండా శిక్ష, యావజ్జీవం దాకా పడవచ్చు. "సరదాగా చేశాను సార్" అన్న మాటకు ఆ సెక్షన్లలో చోటు లేదు. మన పేటల నుంచి వచ్చిన కుర్రవాడి మాట పోలీస్ స్టేషన్లో ఎంత చెల్లుతుందో మీకు తెలుసు. ఇంకొకడికి సరదా అయ్యేది మనవాడికి కేసు అవుతుంది.

ఇంకో సంగతి. అమెరికా మనకు దూరం కాదు. చదువుకని, ఉద్యోగమని తెలుగు ఇళ్ల నుంచి పిల్లలు వెళ్తూనే ఉన్నారు. 2017లో కాన్సస్‌లో ఒక బార్‌లో, "మా దేశం నుంచి పొండి" అని అరిచినవాడి తూటాకు తెలుగు ఇంజనీరు ఒకరు చనిపోయారు. 2023 మే 6న టెక్సాస్ అలెన్‌లో ఒక షాపింగ్ మాల్ దగ్గర చనిపోయిన ఎనిమిది మందిలో తెలంగాణ నుంచి వెళ్లిన యువ ఇంజనీరు ఒకామె. ఆమె అక్కడికి వెళ్లింది షాపింగ్ చేయడానికి.

ఇప్పుడు మన కుర్రాళ్ల పనితనం దగ్గరికి వద్దాం. దాన్ని మేము తక్కువ చేయం. తెర మీద చూసినదాన్ని చేతికి తెచ్చుకోవాలన్న కోరిక, కొలతలు తీసి, కోసి, అతికించి, పని చేస్తే గెంతులేయడం, ఇదంతా దేవుడిచ్చిన తలాంతే. మన పిల్లలు ఎందరో ఇంజనీరింగ్ కాలేజీల్లో ఉన్నారు. చాలా కాలేజీల్లో 3డి ప్రింటర్లున్నాయి. మనం "వద్దు" అన్న ఒక్క మాట చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఆ చేతులకు పని కావాలి.

ఆటలోంచి నిజంలోకి వచ్చిన వస్తువులన్నీ తుపాకులు కావు. 'డ్యూస్ ఎక్స్' అనే ఆటలో కథానాయకుడికి యంత్రపు చేతులుంటాయి. వాటిలోంచి కత్తులు బయటికొస్తాయి. ఇంగ్లండులో బ్రిస్టల్ నగరానికి చెందిన ఓపెన్ బయోనిక్స్ అనే చిన్న కంపెనీ 2016లో ఆ ఆట చేసినవాళ్లతో కలిసి, చేయి లేనివాళ్ల కోసం అదే రూపంలో నిజం చేయి తయారుచేసింది. 3డి ప్రింటర్‌తోనే. రూపం తీసుకుని, కత్తులు అక్కడే వదిలేశారు. ఆ తర్వాత 'మెటల్ గేర్' ఆటలోని సైనికుడి ఎర్ర చేయి కూడా అలాగే నిజమైంది.

ఇంకా ముందు కథ ఉంది. 2011లో అమెరికాలో ఇవాన్ ఓవెన్ అనే ఆయన వేషాల పండుగకని సరదాగా ఒక పెద్ద లోహపు చేయి చేసి వీడియో పెట్టారు. దక్షిణాఫ్రికాలో రంపం కింద వేళ్లు పోగొట్టుకున్న వడ్రంగి రిచర్డ్ వాన్ ఆస్ అది చూసి, నాకు వేళ్లు చేసిస్తావా అని రాశారు. ఇద్దరూ సముద్రాలకు అటూ ఇటూ కూర్చుని పనిచేశారు. వేళ్లు లేకుండా పుట్టిన ఒక చిన్న పిల్లవాడికి చేయి చేశారు. ఆ నమూనాను 2013 జనవరిలో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. అదే ఏడు మేలో లిబరేటర్ పిస్తోలు వచ్చింది. ఒకే యంత్రం, ఒకే ఏడాది, రెండూ ఉచితం.

యెషయా గ్రంథం రెండో అధ్యాయంలో కొలిమి ఒకవైపు తిరుగుతుంది, ఆయుధం సేద్యానికి వస్తుంది. ఆ మాటను మనం ఎన్నో ప్రసంగాల్లో విన్నాం. యోవేలు మూడో అధ్యాయంలో అదే కొలిమి రెండోవైపు తిరుగుతుంది, రైతు పనిముట్టు ఆయుధమవుతుంది. దాని మీద ప్రసంగం చాలా తక్కువ విన్నాం. మొజాంబిక్ దేశం పదహారేళ్లు ఆ రెండో కొలిమి వేడిలో కాలింది. 1992లో అంతర్యుద్ధం ముగిశాక ఊరూరా గుంటల్లో, అటకల మీద తుపాకులు మిగిలాయి. 1995లో బిషప్ దినిస్ సెంగులానే, అక్కడి క్రైస్తవ మండలి ఒక పని మొదలుపెట్టారు. తుపాకీ తెచ్చివ్వండి, బదులుగా పారో సైకిలో కుట్టుమిషనో తీసుకెళ్లండి అన్నారు. ఎక్కడిది, ఎవరిది అని అడగలేదు. వచ్చిన తుపాకుల్ని కోసి, ఆ ముక్కలను చిత్రకారులకు ఇచ్చారు. ఆ ముక్కలతో చేసిన ఒక కుర్చీ ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ దేశపు జెండా మీద మాత్రం పార పక్కన ఏకే-47 బొమ్మ ఈనాటికీ ఉంది. మా తొమ్మిదో తరగతి పిల్లలు చూస్తే ఇట్టే గుర్తుపడతారు.

మీ కాలేజీ ల్యాబ్‌లో, మీ పేటలోని లేత్ షాపులో మీరు ఏం చేశారో మాకు రాయండి. చక్రాల కుర్చీకి చిన్న మార్పు అయినా సరే, పాడైన కుట్టుమిషను పళ్లచక్రం అయినా సరే. ఆ ఫోటోలు వేయడానికి ఈ పత్రికలో చోటు ఉంచుతాం.

నాటకం రాత్రి సంగతి చెప్పి ముగిస్తాం. సైనికులు అట్టముక్క తుపాకులతోనే వచ్చారు. ముందు వరుసలో కూర్చున్న సండే స్కూల్ పిల్లలు "ఏకేఎం! ఏకేఎం!" అని కేకలు వేస్తూ నవ్వారు. తర్వాత బెత్లెహేము తల్లులుగా వేసిన అక్కలు ఖాళీ చీరముడులు పట్టుకుని బయటికొచ్చారు. నవ్వు కొంచెం సేపు అలాగే సాగి, ఆగింది. ఆ తుపాకులు ఇంకా సంఘపు గదిలో హార్మోనియం వెనక ఉన్నాయి. పారేద్దామని కాపరి గారు, వచ్చే క్రిస్మస్‌కి పనికొస్తాయని కుర్రాళ్లు. ఇంకా తేలలేదు.